వదిలిన ముద్ద ఎవరి పళ్లెంల పడ్డది?

(2025 మార్చి 9, ఆదివారం. దేవరకొండ దిక్కు ఒక క్రైస్తవ సంఘంలో, శ్రమకాలపు (ఈస్టరుకు ముందు వచ్చే నలభై ఉపవాస దినాల) మొదటి ఆదివారం ఆరాధన అయినంక జరిగిన కూటంలో ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం మాట్లాడిన మాటలు. ఆమె మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ వందనాలు. అయ్యగారికి, అమ్మగారికి, ముందట చాపల మీద కూసున్న పెద్దమ్మలకు, వెనక తలుపు కాడ నిలబడ్డ తమ్ముళ్లకు వందనాలు. లోపలికి రండ్రి బిడ్డా, జాగ ఉన్నది.

శ్రమకాలాన్ని ఎట్ల ఆచరిస్తే దానికి అర్థం ఉంటదో చెప్పమని అయ్యగారు నన్ను అడిగిన్రు. నేను బోధకురాలిని కాదు. ముప్పై రెండేండ్లు ఏఎన్‌ఎంగ పల్లెలు తిరిగిన మనిషిని. వాక్యం అయ్యగారి కంటె నాకు ఎక్కువ తెల్వదు. ఇండ్లల్ల ఏం ఉడుకుతదో, ఏం ఉడకదో మాత్రం తెలుసు. అక్కడి నుంచే నాలుగు మాటలు చెప్త.

మొన్న బుధవారం, మార్చి 5 నాడు, శ్రమకాలం మొదలైంది. ఆ రోజు మన వాడకట్టుల నాలుగిండ్లు తిరిగి ఒకటే మాట అడిగిన. ఈసారి ఏం మానుతున్నరమ్మా అని. ఒకామె చాయ్ అన్నది. ఒకాయన నీసు ముట్టనన్నడు. ఇంటర్ చదివే పిల్లగాడు, ఆ రోజే పరీక్షలు షురువైనయి పాపం, ఫోన్ల రీల్స్ చూడనన్నడు. నాకు సంతోషమే. ఆ తర్వాత రెండో మాట అడిగిన. మానింది ఎటు పోతది? అందరు నా మొకం చూసిన్రు. చాయ్ మానిన ఇంట్ల పాల ప్యాకెట్ రోజూ వస్తనే ఉన్నది, మిగిలిన పాలు తోడు పెడుతున్నరు. నీసు మానినాయన ఈస్టరు నాటికి మంచి మేకపోతును ఇప్పుడే మాట్లాడి పెట్టిండు. పిల్లగాడు రీల్స్ మాని క్రికెట్ చూస్తున్నడు.

నేను తప్పు పట్టుత లేను. వాళ్ల మనసు మంచిదే. కని మనం వదిలిన ముద్ద మన ఇంట్లనే ఇంకో గిన్నెలకు మారితే, దాన్ని ఉపవాసం అనొచ్చునా అని నాకు ఎప్పటి నుంచో అడగాలని ఉండె. వదిలిన ముద్ద ఎవరి పళ్లెంల పడ్డది? ఇయ్యాల నేను మాట్లాడేదంత ఈ ఒక్క మాట చుట్టే తిరుగుతది.

ఈ మాట నాకు నేర్పింది మా అమ్మ. ఆమెకు సదువు రాదు. శ్రమకాలాన్ని ఇంగ్లీషుల లెంట్ అంటరని కూడ ఎరుగదు, శ్రమ దినాలు అనేది. కూలికి పోయేది. అప్పట్ల మాకు రోజూ అన్నం లేదు, జొన్న గటకనే. ఆదివారం, పండుగ నాడు బియ్యం. ఈ దినాలు వచ్చినయంటే అమ్మ పొయ్యి ముట్టించే ముందు రవ్వనో బియ్యమో చాటల పోసి, కడగక ముందే ఒక పిడికెడు తీసేది. పిడికిలి ఒత్తి మూసేది కాదు. నిండుగ తీసి చాట మీదనే ఒక్క నిమిషం పట్టుకునేది. వేళ్ల సందుల నుంచి రాలేటియి రాలిపోయేదాక ఆగేది. ఇంక గింజ రాలదు అన్నంక, గూట్లె ఉన్న గురిగిల పోసేది. రాలినయి మనయి, పిడికిట్ల ఉన్నయి దేవునియి అనేది.

ఒక పిడికెడు తీస్తే ఏమైతది అంటరేమో. అయిదుగురు పిల్లల ఇంట్ల అయితది. ఆ పూట గటక పల్చగ ఉండేది. అమ్మ దాన్ని మా కాడ దాచలే. "ఇయ్యాల జర పల్చగుంటది, అవ్వకు పోయినయి" అని చెప్పి మరీ పోసేది. అట్ల మేం కూడ ఉపవాసం ఉన్నట్టే లెక్క. ఎవరి కోసం ఉంటున్నమో పేరుతో సహా తెలిసి ఉన్నం.

ఆ అవ్వ మా వాడల ఆమె కాదు. ఊరి చివర ఒంటి గుడిసె. కొడుకు బొంబాయి పోయిండు. పాలమూరు లేబర్ అని దేశమంత పేరు పడ్డ కాలం అది, మన దేవరకొండ దిక్కు నుంచి కూడ బండ్లకు బండ్లు పోయిన్రు. పైసలు పంపితే పంపినట్టు, లేకుంటె లేదు. అవ్వ మన సంఘపామె కాదు, మైసమ్మకు మొక్కేది. శనివారం పొద్దుగూకినంక గురిగి నాకిచ్చి పంపేది అమ్మ. అవ్వ కొంగు పరిచి అండ్ల ఒంపుకునేది. గురిగి మాత్రం ఎన్నడూ ఉత్తగ వాపస్ ఇయ్యలే. నాలుగు చింతకాయలో, ఒక ఉల్లిగడ్డో, ఏం లేకుంటె చిటికెడు దొడ్డుప్పో ఏసి ఇచ్చేది. ఉత్త గురిగి పంపొద్దు బిడ్డా అనేది. నేను దారిల చింతకాయ కొరుక్కుంట వచ్చేదాన్ని.

పెద్దయినంక రాజుల మొదటి గ్రంథం 17వ అధ్యాయం చదివితే మా ఇల్లు కండ్లల్ల మెదిలింది. సారెపతు విధవరాలి ఇంట్ల తొట్టిల ఉన్నది పట్టెడు పిండి. పట్టెడంటె మా అమ్మ పిడికెడే కద. కరువు కాలం. అది కాల్చుకొని తిని కొడుకుతో కలిసి చచ్చిపోదామని పుల్లలు ఏరుకుంటున్నది. అప్పుడు ఏలీయా ప్రవక్త వచ్చి ముందు నాకు చిన్న అప్పం చేసి పెట్టు అన్నడు.

మీకు ఇంకొకటి చూపిస్త. లూకా సువార్త 4వ అధ్యాయం తీయండ్రి. మొదట్ల ప్రభువు అరణ్యంల నలభై దినాలు ఉన్న సంగతి ఉంటది. మన శ్రమకాలానికి మూలం అదే. దాన్ని అక్కడితో ఆపి పుస్తకం మూస్తం మనం. జర కిందికి రండ్రి, 25, 26 వచనాలకు. ఆ నలభై దినాల ఉపవాసం అయినంక ప్రభువు సొంతూరు నజరేతుకు వచ్చిండు, సమాజమందిరంల నిలబడి మాట్లాడిండు. అక్కడ ఎవరి ముచ్చట తీసిండో చూడుండ్రి. ఈ సారెపతు విధవరాలి ముచ్చటనే. ఇశ్రాయేలుల ఎంతోమంది విధవరాండ్రు ఉండంగ, ఏలీయా పోయింది సీదోను దేశపు ఆమె ఇంటికి, పరాయి ఆమె ఇంటికి అన్నడు. ఊరోళ్లకు కోపం వచ్చి కొండ కొన దాక తీసుకపోయి తోసేద్దామని చూసిన్రు. నలభై దినాలు ఆకలితో ఉన్న మనిషి ఊర్లెకు వచ్చి పట్టెడు పిండి ఆమెను యాది చేసిండు. నాకు అది చదివిన ప్రతిసారి మా ఊరి చివర గుడిసె యాదికొస్తది.

ఇంక లెక్కల సంగతి జల్ది చెప్పి పోత, ఎందుకంటె పిల్లలు అడుగుతున్నరు. మార్చి 5 నుంచి ఏప్రిల్ 19 దాక లెక్కపెడితే 46 రోజులు వస్తయి గద, నలభై అంటరేంది అని. నడుమ ఆరు ఆదివారాలు తీసెయ్యాలె. ఆదివారం ప్రభువు లేచిన దినం, ఆ రోజు ఉపవాసం లెక్కల పట్టరు. అంటే ఇయ్యాల మీరు చాయ్ తాగొచ్చు అక్కా, నేను ఎవరికీ చెప్ప. కథోలికులు దీన్ని తపస్సు కాలం అంటరు, విభూది బుధవారంతోని షురూ చేస్తరు. పోయిన ఏడాది మట్టల ఆదివారం, అంటె ఈస్టరుకు ముందటి ఆదివారం, నాటి కొమ్మలు దాచిపెట్టి, కాల్చి, ఆ బూడిద నొసట పెడ్తరు. లెంట్ అనేది పాత ఇంగ్లీషుల వసంతకాలానికి ఉన్న పేరు. వాళ్లకు చలి పోయి చెట్లు చిగురేసే కాలం. మనకు చెరువులు ఎండి బోర్లు ఆగే కాలం. మన పెద్దలు శ్రమకాలం అని పేరు పెట్టి మంచి పని చేసిన్రు.

మా అత్తగారింట్ల పెద్దాయన ఒకాయన ఉండె, బాప్టిస్టు సంఘపాయన. ఈ శ్రమకాలం వాక్యంల ఎక్కడుంది అని ఊకె అడిగేటోడు. అడగాల్సిన మాటనే. మన నల్లగొండకు 1890ల రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దొర మెనొనైటు అనే సంఘపాయన. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, దేవరకొండ దిక్కున్న ఎంబీ, అంటె మెనొనైట్ బ్రెదరెన్, సంఘాల పేరు కూడ అక్కడి నుంచే వచ్చింది. వాళ్లు పండుగల పట్టికను ఎక్కువ పట్టించుకునేటోళ్లు కాదు. శుభ శుక్రవారం నాడు సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలు, ఈస్టరు నాడు తెల్లవారుజామున సమాధుల కాడ ప్రార్థన, అంతే. శ్రమకాలం పేరు బైబిల్ల లేదు, నిజమే. అయినా సంఘంల ఇది చానా పాతది. 325ల నీకయ అనే పట్నంల కూడిన సంఘ పెద్దల సభ రాసిన నియమాలల్లనే ఈ నలభై దినాల ముచ్చట ఉన్నది. ఈ ఏడాదితోని 1,700 ఏండ్లు. ఉండాల్సిందే అని నేను ఎవరినీ బలవంతపెట్ట. ఉన్నోళ్లు ఎట్ల ఉండాల్నో మాత్రం వాక్యంల మస్తు ఉన్నది.

మత్తయి 6ల ప్రభువు మూడు సంగతులు చెప్పిండు. ఏది ముందు చెప్పిండో ఎప్పుడన్న చూసిన్రా? ముందు దానధర్మం. నడుమ ప్రార్థన. చివరికి ఉపవాసం. మనం తిరగేసి పట్టుకున్నం. ఉపవాసంతోని మొదలుపెట్టి, ప్రార్థన దాక వచ్చి, ధర్మం కాడికి వచ్చేసరికి అలిసిపోతున్నం.

యెషయా 58 అందరికీ తెలిసిందే. ఆకలిగొన్నోనికి నీ ఆహారం పెట్టు, దిక్కులేనోన్ని ఇంటికి తెచ్చుకో, బట్ట లేనోనికి బట్ట ఇయ్యి. మనం శుక్రవారం శుక్రవారం చదువుతం. కని దాని మొదట్ల ఒక మాట ఉన్నది, దాన్ని మెల్లగ దాటిపోతం. మీరు ఉపవాసం ఉన్న రోజే మీ పనోళ్లతోని కఠినమైన పని చేయించుకుంటున్నరు అంటడు దేవుడు. ఇక్కడ బత్తాయి తోటలున్నోళ్లు ఉన్నరు, యాసంగి వరి పెట్టినోళ్లు ఉన్నరు, మేస్త్రీ పని చేయించేటోళ్లు ఉన్నరు. మీరు ఉపవాసం ఉన్న శుక్రవారం మీ చేన్ల కూలికి వచ్చిన ఆడమనిషి ఏ యాళకు ఇంటికి పోయింది? ఆమె పైసలు ఆ పొద్దే ఇచ్చిన్రా, వారం ఆగుమన్నరా? నిన్న మార్చి 8న మహిళా దినోత్సవం అని ఫోన్లల్ల పూలబొమ్మలు పంపుకున్నం. ఆమె కూలి ఆ పొద్దే చేతుల పెడితే ఆ పూలబొమ్మ కంటె మంచిగుండు.

ఇంకో మాట చెప్తే కొందరికి కష్టమనిపియ్యొచ్చు, అయినా చెప్త. మిత్తి సంగతి.

మన సంఘంల ఆడోళ్లు కూడ పైసలు మిత్తికి ఇస్తున్నరు. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు. మూడంటె ఏడాదికి నూటికి 36 అయితది. బిడ్డ పెండ్లికి తెచ్చిన లక్ష, మూడేండ్లల్ల మిత్తే లక్ష దాటుతది. నెహెమ్యా 5వ అధ్యాయం ఇంటికి పోయి చదువుండ్రి. కరువుల జనం తిండి గింజల కోసం భూములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువ పెట్టిన్రు. రాజుకు కట్టే పన్ను కోసం అప్పు తెచ్చిన్రు. పిల్లలను పనికి అమ్ముకున్నరు. అప్పిచ్చినోళ్లు పరాయోళ్లు కాదు, సొంత అన్నదమ్ములే. అప్పుడు అధిపతిగ ఉన్న నెహెమ్యా ఏం చేసిండు? ముందు తన సంగతి ఒప్పుకున్నడు. నేను, నా వాళ్లు కూడ అప్పులిచ్చినం, ఇంక ఈ మిత్తి వదిలేద్దాం అన్నడు. పొలాలు వాపస్ ఇయ్యుండ్రి, నూటికి ఒకటి లెక్కన మీరు తీసుకున్నది ఇయ్యాలనే వాపస్ ఇయ్యుండ్రి అన్నడు. ఆ కాలపు నూటికి ఒకటే ఆయనకు భారమనిపిచ్చింది! తర్వాత అందరి ముంగట తన ఒడి దులిపిండు. మాట తప్పినోన్ని దేవుడు ఇట్లనే దులుపుతడు అన్నడు. మన ఆడోళ్లు పొలం నుంచి వచ్చి కొంగు దులుపుతరు చూడుండ్రి, అట్ల.

ఈ నలభై దినాలు మిత్తి వసూలుకు పోకుండ్రి. ఒకరి మిత్తి, ఒక్కరిదే, పూర్తిగ కొట్టెయ్యుండ్రి. నాలుగేండ్ల కింద మన సంఘంల ఒకామె అట్ల చేసింది. కాయితం తెచ్చి బాకీ ఉన్నామె చేతులనే పెట్టి, నువ్వే చింపు అన్నది. ఆమె చింపలే. కాయితం రైకల పెట్టుకుని ఏడ్చుకుంట ఇంటికి పోయింది. అసలు మాత్రం ఏడాదిల కట్టింది.

ఇప్పుడు నీళ్ల సంగతి. నా నౌకరీల సగం ఏండ్లు మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కే గడిచినయి. ఫ్లోరైడు నీళ్లు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పనికిరాదంటరు, అక్కడ చానా బోర్లల్ల అంతకు ఎన్నో రెట్లుండె. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతి ఒకటి ఉన్నది, దానికి లోకమంత నల్లగొండ టెక్నిక్ అనే పేరు. మన జిల్లా పేరు శాస్త్రం పుస్తకాలల్లకు అట్ల ఎక్కింది. ఇరవై ఏండ్లకే నడుము వంగినోళ్లను, మెడ తిప్పలేనోళ్లను, చేతులు చాపినా ముద్ద నోటికి అందనోళ్లను చూసిన. ఇప్పుడు కృష్ణ నీళ్లు వస్తున్నయి, చిన్న పిల్లలకు ఆ బాధ తప్పింది. వంగిన నడుములు మాత్రం వంగినట్టే ఉన్నయి.

ఆ రోజులల్ల మంచినీళ్లు కొనుక్కునేటోళ్లు, లేకుంటె మైళ్లు పోయి తెచ్చుకునేటోళ్లు. నేను మందులు పంచే ఊర్లె ఒకామె ఉండె, మన విశ్వాసురాలే. పొద్దుగాల రెండు బిందెలు తెచ్చుకునేది. శ్రమకాలంల శుక్రవారాలు ఒక బిందె తన ఇంటికి, ఇంకోటి నడుము వంగిన పక్కింటి ముసలాయనకు పోసేది. మరి నీ ఇంట్ల ఎట్ల అమ్మా అంటె, "శుక్రవారం మేం వంట చేసుకోం గద సిస్టరమ్మా, నీళ్లు మిగుల్తయి" అన్నది. ఉపవాసం అంటె ఏందో నాకు ఆ మాటతోని సమజైంది. వండుకోక మిగిలిన నీళ్లు ఎటు పోవాల్నో ఆమె ముందే అనుకున్నది.

ఒక ఏడాది శుభ శుక్రవారం నాడు ఏడు మాటలల్ల ఐదో మాట నాకు ఇచ్చిన్రు. దప్పిగొన్నానని ప్రభువు పలికిన మాట. నేను పది నిమిషాలు మాట్లాడాలె. నిలబడితే నాకు ఆ బిందె తప్ప ఇంకేం గుర్తు రాలే. అదే చెప్పి కూసున్న.

నీళ్ల ముచ్చట వచ్చింది కాబట్టి ఇదొకటి. ఈ నెల 20వ తారీకు వస్తున్నది. 1927 మార్చి 20 నాడు అంబేద్కర్ సారు మహారాష్ట్రల మహద్ ఊరి చవదార్ చెరువుకు వేలమందితోని పోయి ఒక దోసెడు నీళ్లు తాగిండు. మన తాతలకు ఊరి బాయి కాడ దూరంగ నిలబడి, ఎవరన్న పోస్తే తాగే కాలం. ఈసారి ఏప్రిల్ 14 జయంతి మట్టల ఆదివారం తెల్లారి సోమవారం వచ్చింది, శ్రమల వారం మొదట్లనే. కొందరు అయ్యగార్లు ఆ వారంల వేరే కార్యక్రమాలు వద్దంటరు. నా మటుకు నేను ఆ సోమవారం పొద్దుగాల విగ్రహం కాడికి పోత, పొద్దుమీకి ప్రార్థనకు వస్త. రెండు కూడ దప్పి ముచ్చటనే.

ఇక ఏఎన్‌ఎంగ చెప్పాల్సింది చెప్పకుంటె నాకు నిద్ర పట్టదు. షుగర్ ఉండి సూది తీసుకునేటోళ్లు, గోలీలు మింగేటోళ్లు డాక్టరును అడగకుండ పూట మానొద్దు. గోలీ మింగి బువ్వ మానితే షుగర్ పడిపోతది. చెమటలు పోస్తయి, చేతులు వణుకుతయి, కండ్లు తిరిగి ప్రార్థనల్నే పడిపోతరు. అట్ల అనిపిస్తే ఉపవాసం అని చూడకుండ చక్కెర నోట్ల ఏసుకోవాలె. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టీబీ మందులు వాడేటోళ్లు ఉపవాసం ఉండొద్దు. ఎవరైనా నీళ్లు మాత్రం మానొద్దు, ఎండలు ముదురుతున్నయి. ఇంకోటి. రోజూ మందు తాగే మనిషి శ్రమకాలం అని ఒక్కసారిగ ఆపితే మొదటి రెండు మూడు రోజులల్లనే వణుకు వస్తది, ఫిట్స్ రావొచ్చు, ఏం మాట్లాడుతున్నడో తెల్వకుండ పోవచ్చు. మానాల్సిందే, తప్పకుండ మానాలె. కని దవాఖానల చూపించుకొని మానాలె. అది విశ్వాసం తక్కువై కాదు. ఆ మనిషి ఈస్టరు నాటికి మన నడుమ ఉండాలని.

మానిన కల్లు పైసలు, మందు పైసలు మాత్రం ఆ ఇంటి ఆడమనిషి చేతుల పడాలె. అక్కడ నా మాటకు తిరుగు లేదు.

మా పక్కింట్ల రంజాను రోజాలు నడుస్తున్నయి. ఇయ్యాల ఎనిమిదోది. ఈసారి వాళ్లది 2న మొదలైంది, మనది 5న. పొద్దుగూకంగనే వాళ్ల పిల్ల గిన్నెల నాలుగు ఖర్జూరాలు, పండ్ల ముక్కలు తెచ్చి ఇచ్చి పోతది. నాకు వాళ్ల కాడ నచ్చేది ఏందంటె, లెక్క. ఏడాది పొడుగున మిగిలిన సొమ్ముల నూటికి రెండున్నర జకాత్ అని తీస్తరు. పండుగ నమాజుకు పోకముందే పేదోళ్లకు ఫిత్రా ఇస్తరు, పండుగ పూట ఏ ఇంట్లనూ పొయ్యి వెలగకుండ ఉండొద్దని. మనకు ధర్మశాస్త్రం లేదు, కృప ఉన్నది అంటం. కృప ఉన్నోళ్ల లెక్క అంతకంటె తక్కువ ఉండొచ్చునా?

మా అమ్మ పిడికెడు ఇప్పుడు ఎంతుంటదని వంటింటి తక్కెడ మీద నా పిడికిలి తూచిన. యాభై గ్రాములకు జర అటిటు. రెండు పూటలకు నూరు. నలభై దినాలకు నాలుగు కిలోలు. అరవై ఇండ్ల సంఘం మనది, 240 కిలోలు. కని ఇప్పుడు బియ్యం ఎవరికి కావాలె? రేషన్ల మనిషికి ఆరు కిలోలు వస్తున్నయి. అవ్వల ఇండ్లల్ల బియ్యం ఉన్నయి, పప్పు లేదు. నూనె లేదు. బీపీ గోలీలు ప్రభుత్వ దవాఖానల ఉత్తగనే ఇస్తరు, తెచ్చిచ్చే మనిషి లేడు. కండ్లు కానరాక పింఛన్ కాయితం చదివిచ్చుకోలేరు. అందుకని పిడికెడు బియ్యం అనకుండ, ఆ ఇంట్ల లేని దాని పిడికెడు అందాం. పప్పు అయితే పప్పు, గుడ్డు అయితే గుడ్డు. రీల్స్ మానిన అర్ధగంట ఉన్నది గద, తమ్ముడూ, క్రికెట్ కాకుంట, 21 నుంచి పదో తరగతి పరీక్షలు, మీ గల్లీల ఒక పిల్లకు లెక్కలు చెప్పు.

ఊరి బయట ఇటుక బట్టీలు చూడుండ్రి. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు, చంటి పిల్లలతో. మిర్యాలగూడ రైసు మిల్లులల్ల బిహారు హమాలీలు. ఒకప్పుడు బొంబాయిల మన నాయినలు ఎట్లుండెనో ఇప్పుడు మన ఊర్లె వాళ్లు అట్లున్నరు. పోయిన వారం ఒక బట్టీకి పోయిన, టీకాలు పడ్డయో లేదో చూద్దామని, పాత అలవాటు. ఒక తల్లి పిల్లను ఇటుకల నీడల పడుకోబెట్టి మట్టి పిసుకుతున్నది. మాట కలవలే. నా చేయి పట్టుకుని పిల్ల నెత్తి మీద పెట్టిచ్చుకున్నది. జ్వరముండె. వాళ్లకు మన సంఘంల నుంచి ఇంత వరకు ఒక్కరం పోలే. నేను పోయింది కూడ రెండేండ్లకు మొదటిసారి.

ఇది చెప్పి ముగిస్త. పప్పు, గుడ్డు ఇచ్చుడు నాకు సులువే, పింఛన్ వస్తది. నాకు కష్టమైంది వేరేది. మా యారాలు కల్వకుర్తిల ఉంటది. మామ పోయినంక జాగ పంచుకునే కాడ గోడ రెండు గజాలు అటో ఇటో అయ్యింది. ఆరేండ్ల సంది మాటలు లేవు. ఆరు శ్రమకాలాలు నేను శుక్రవారం శుక్రవారం ఉపవాసమున్న, కానుక ఏసిన. నీ సహోదరునికి నీ మీద ఏమన్న ఉంటె కానుక బలిపీఠం ముందే వదిలిపెట్టి పొమ్మన్నడు ప్రభువు, మత్తయి 5ల. నేను ఆ వచనం దాటేసి 6కు పోయేదాన్ని.

మొన్న బుధవారం ఫోన్ చేసిన. ఎత్తలే. గురువారం మళ్ల చేసిన. ఎత్తి ఎవరు అన్నది. నా నంబరు తీసేసింది. పేరు చెప్పిన. జరసేపు సప్పుడు లేదు. తర్వాత, బాగున్నవా అక్కా అన్నది. మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయన్నది. జాగ ముచ్చట రాలే. అది రావాలె. సర్వేయరును పిలిచి కొలిపిద్దామని ఇంట్ల చెప్పిన. ఎక్కువ మా దిక్కే తేలితే గోడ జరపాలె, ఖర్చు మేమే పెట్టుకోవాలె. మా ఇంట్ల ఇంకా అందరు ఒప్పుకోలే. నా కోసం ప్రార్థన చేయండ్రి.

వెనక బల్ల మీద గురుగులు పెట్టినం. కుమ్మరాయన కాడ అరవై తెచ్చినం, ఇంటికొకటి. పట్టుకుంటె పగలకుండ పట్టుకోండ్రి, పిల్లలకు ఇయ్యకుండ్రి. ఇంటికి పోయినంక చిన్న చీటీ మీద ఒక్కరి పేరు రాసి అడుగున ఏయండ్రి. సంఘపోళ్లే కావాల్నని లేదు. ఎవరి పేరు రాసిన్రో నాకు చెప్పొద్దు, అయ్యగారికి చెప్పొద్దు. ఇంట్ల పిల్లలకు మాత్రం చెప్పుండ్రి. మట్టల ఆదివారం నాటికి నిండినా నిండకున్నా తీసుకపోయి మీ చేత్తోనే ఇయ్యుండ్రి, ఎవరితోనన్న పంపకుండ్రి. జరసేపు కూసోండ్రి. వాళ్లు గురిగిల చింతకాయో ఉల్లిగడ్డో ఏసి ఇస్తే వద్దనకుండ తీసుకోండ్రి.

వందనాలు.